సీటు కొనేముందు తిరగేసి చూడండి

షాపులో బైకు కొత్త సీటు చేతికివ్వగానే ఎవరైనా చేసే పని ఒకటే. బొటనవేలితో నొక్కి చూస్తారు, కుట్టు దగ్గరగా ఉందా లేదా చూస్తారు, బండి రంగుకి నప్పుతుందా అని పక్కనున్న వాళ్ళని అడుగుతారు. ఇక బేరం మొదలు. హైదరాబాదు పుత్లీబౌలిలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కుట్టించినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఇదే వరస. ఆ సీటు మీ బండి మీద సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్న సంగతి తెలిసేది అడుగువైపు. బేరానికి ముందే దాన్ని బోర్లా తిప్పండి.

అక్కడ మొత్తం బరువు మోసే బేస్ ప్లేటు ఉంటుంది. ట్యాంకు వైపు నాలుకలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్క ఫ్రేములో ఉన్న కొక్కెం కిందికి దూరుతుంది. వెనకవైపు లాకులో పడే యూ ఆకారపు కడ్డీ ఉంటుంది, కొన్నిటికి బోల్టులు దూర్చే చెవులుంటాయి. ఇక అక్కడక్కడా నల్లటి రబ్బరు బుష్షులు. ఎవరూ పట్టించుకోనివీ, అసలు పని చేసేవీ ఈ బుష్షులే. మీ బరువూ వెనక కూర్చున్నవాళ్ళ బరువూ వీటి మీదుగా ఫ్రేము గొట్టాల మీదికి దిగాలి. నాలుక పని సీటు ముందు భాగం పైకి లేవకుండా చూడటం, లాకు పని వెనక భాగం లేవకుండా చూడటం. బరువు మోయడానికి ఆ రెండిటినీ ఎవరూ తయారుచేయలేదు.

బుష్షులు లేకపోయినా, పొట్టిగా ఉన్నా, ఉండాల్సిన చోట లేకపోయినా బరువు దారి తప్పుతుంది. నాలుక మీద పడితే అది కొన్ని నెలల్లో మొదలు దగ్గర తెల్లగా గీతపడి విరుగుతుంది. లాకు మీద పడితే కడ్డీ వంగి, ఒకరోజు తాళం తిప్పినా సీటు రాదు. ప్లేటు నేరుగా ఫ్రేము మీద ఆనితే ప్రతి గుంతకీ టకటకమని చప్పుడు, పెయింటు ఊడి తుప్పు. చాలామంది ఆ చప్పుడు షాక్ అబ్జార్బర్లదనుకుని వాటిని విప్పించుకుంటారు.

అందుకే కంపెనీ సీటు కూడా వెంట తీసుకెళ్ళి రెండిటినీ పక్కపక్కన బోర్లా పెట్టి పోల్చండి. బుష్షులు అన్నీ ఉన్నాయా, అవే చోట్ల ఉన్నాయా, ఎత్తు సమానమేనా? స్కేలు ఆనించి చూస్తే 2 మి.మీ. తేడా కూడా దొరికిపోతుంది. చాలా ఆఫ్టర్‌మార్కెట్ సీట్లు, అంటే బండి కంపెనీ కాక బయటివాళ్ళు చేసేవి, బుష్షులు లేకుండానే వస్తాయి, రంధ్రాలు మాత్రం ఉంటాయి. పాతవాటిని ఊడదీసి ఇందులో పెట్టుకోమని వాళ్ళ ఉద్దేశం. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, అణిగిపోయి రాయిలా అయిన బుష్షులు పెట్టుకుంటే ఫలితం లేదు. స్పేర్ పార్ట్స్ షాపులో కొత్త సెట్టు తీసుకోండి. బుష్షు రంధ్రంలోకి దూరకపోతే సబ్బునీళ్ళు రాసి తిప్పుతూ నొక్కండి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి జారిపోతుంది.

బేస్ ప్లేటు మూడు రకాలుగా దొరుకుతుంది. అచ్చుపోసిన ప్లాస్టిక్, ఫైబరు, రేకు. కంపెనీ సీటుకి దగ్గరగా ఉండేది మొదటిదే, దొరికితే అదే తీసుకోండి. ఫైబరు బేస్ గట్టిదే కానీ స్టేపుల్ పిన్ను దిగదు. రెక్సిన్‌ని రివెట్లతోనో జిగురుతోనో పట్టించాలి. జిగురు ఒక్కటే ఉంటే వేసవిలో అంచులు ఊడతాయి. రేకు బేస్ పాత బుల్లెట్ సీట్లకి అలవాటైనదే. దానితో వచ్చే చిక్కు బ్యాటరీ దగ్గర, అది కాసేపట్లో చెప్తాను. ఇవి కాక ప్లైవుడ్ మీద చేసి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి పొరలు విడిపోయి స్క్రూలు పట్టు వదిలేస్తాయి.

మోడల్ పేరు చూసి కొంటే సరిపోదు, సంవత్సరం కూడా చెప్పాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అని అడిగితే రెండు వేర్వేరు బండ్ల సీట్లలో ఏదైనా చేతికి రావచ్చు. 2021 సెప్టెంబరులో వచ్చిన క్లాసిక్‌కి ఇంజనూ ఫ్రేమూ రెండూ కొత్తవి, పాతదాని సీటు దానిమీద పట్టదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాక చాలా బండ్లకి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది, దాంతో వైరింగూ సెన్సర్లూ పెరిగాయి. పైకి ఒకేలా కనిపించే సీటు కింద ఖాళీ తగ్గిపోయింది.

ఇక విప్పడం. స్ప్లెండర్ లాంటి బండ్లకి రెండు పక్కల సైడ్ ప్యానెళ్ళు తీస్తే సీటు వెనక చెవులకి ఒక్కో బోల్టు కనపడుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి వెనక సీటు తాళంతో వస్తుంది, దాని కింద ముందు సీటు పట్టి ఉంచే రెండు బోల్టులుంటాయి. ఏ బండి అయినా బోల్టులు తీశాక సీటుని నిలువుగా పైకి లాగకూడదు. వెనక భాగం కాస్త ఎత్తి, వెనక్కి జరిపితే నాలుక కొక్కెంలోంచి బయటికి వస్తుంది. నిలువుగా లాగితే విరిగేది ఆ నాలుకే, పైగా కంపెనీ సీటుది. బోల్టు, వాషరు, స్లీవు (బోల్టు దూరే చిన్న గొట్టం) ఏ వరసలో వచ్చాయో విప్పేముందు ఫోటో తీసుకోండి. రింగుపానాలు 10, 12, 13, అలెన్ కీలు 5, 6, ఒక టార్చి ఉంటే దాదాపు ఏ బండి సీటైనా వస్తుంది.

కొత్త సీటు పెట్టేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీనికి కావలసింది చపాతీ పిండి. కొంచెం గట్టిగా కలిపి నిమ్మకాయంత ఉండలు నాలుగైదు చేసి, పలచటి పాలిథిన్ కవర్లో చుట్టండి. బ్యాటరీ టెర్మినళ్ళ మీద ఒకటి, ఫ్యూజు బాక్సు మీద ఒకటి, ఎయిర్ ఫిల్టరు గొట్టం మూతి పక్కన ఒకటి, వెనక లైటుకి వెళ్ళే వైర్ల కట్ట మీద ఒకటి పెట్టండి. సీటు పెట్టి, నాలుకని కొక్కెంలోకి తోసి, మీరు ఎక్కి కూర్చుని రెండు మూడుసార్లు గట్టిగా అదమండి. దిగి, సీటు తీసి చూడండి. ఉండ 6 మి.మీ. కంటే మందంగా మిగిలితే అక్కడ ఖాళీ సరిపడా ఉన్నట్టు. అప్పడంలా అయిపోయిందంటే ఆ చోట ప్లేటు ఆనుతోంది. ఎక్కడా అణగకుండా అలాగే ఉందంటే ఇంకా మంచిది. కవరు వేయకుండా పిండి పెడితే టెర్మినళ్ళ సందుల్లో అంటుకుని కడుక్కోవడం పెద్ద పనవుతుంది.

రేకు బేస్ చిక్కు అన్నది ఇదే. బ్యాటరీ పాజిటివ్ టెర్మినలు మీద ఎర్రటి రబ్బరు టోపీ చాలా బండ్లకి ఎప్పుడో పోయి ఉంటుంది. రేకు ప్లేటు దానికి తగిలి, ఇంకోపక్క ఫ్రేముకి తగిలితే మధ్యలో ఫ్యూజు కూడా లేని నేరు షార్టు. పక్కనే ఫోము, రెక్సిన్, పైన పెట్రోలు ట్యాంకు. కొత్త టోపీ వేయండి, ప్లేటుకి ఆ చోట 3 మి.మీ. రబ్బరు షీటు అతికించండి. ఇన్సులేషన్ టేపు చుట్టి ఊరుకుంటే వేడికి జిగురు కారి టేపు జారుతుంది.

వైర్ల కట్ట మీద ఉండ నలిగితే దాన్ని ఫ్రేము గొట్టం లోపలివైపుకి జరిపి జిప్ టైతో కట్టేయండి. సీటు అంచుకీ గొట్టానికీ మధ్య నలిగిన వైరు ఆరోజే ఏమీ చేయదు. నెల తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా ఫ్యూజు పోవడం మొదలవుతుంది, మెకానిక్కు బ్రేకు స్విచ్చి మారుస్తాడు, బల్బు మారుస్తాడు. సీటు మీద అనుమానం చివరిదాకా రాదు.

తాళంతో వచ్చే సీటైతే, మూసేముందు లాకుని విడిగా పరీక్షించండి. సీటు పక్కన పెట్టి, లాకు నోట్లో స్క్రూడ్రైవరు కాడతో నొక్కండి, టక్కుమని మూసుకుంటుంది. తాళం తిప్పి అది తెరుచుకుంటోందా చూడండి. ఐదారుసార్లు చేయండి. కేబులు బిగుసుకుపోయిన సంగతి సీటు లోపలికి వెళ్ళాక తెలిస్తే, టూల్ కిట్టు కూడా దాని కిందే ఉంటుంది.

పరీక్ష అయ్యాక నాలుకని దూర్చి వెనక భాగం దించండి. అరచేతితో ఒక్క నొక్కుతో లాకు పడాలి. ఎగిరి కూర్చుంటే తప్ప పడటం లేదంటే బుష్షులు లావుగా అయినా ఉన్నాయి, కడ్డీ ముందుకో వెనక్కో అయినా ఉంది. కడ్డీ బోల్టుల రంధ్రాలు చాలావాటికి కోలగా ఉంటాయి. బోల్టులు కొంచెం వదులు చేసి 2 మి.మీ. చొప్పున జరుపుతూ చూడండి. లాకు పడ్డాక సీటు తోక పట్టుకుని గట్టిగా పైకి లాగండి, పక్కలకి ఊపండి. తర్వాత ట్యాంకు దగ్గర వేళ్ళు పెట్టి ముందు భాగాన్ని ఎత్తి చూడండి. ఇది చాలామంది మర్చిపోతారు. నాలుక కొక్కెం కిందికి కాకుండా పైకి ఎక్కినా వెనక లాకు మామూలుగానే పడుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు మీతోపాటు ముందుకి కదులుతుంది.

బోల్టులతో బిగించే సీట్లకి ఇంకో జాగ్రత్త. ప్లాస్టిక్ బేస్‌లో బోల్టు దూరే చోట చిన్న ఉక్కు స్లీవు ఉండాలి, బిగింపు బలాన్ని అదే తీసుకుంటుంది. స్లీవు లేకుండా బిగిస్తే ప్లాస్టిక్ నలిగి, నలిగినకొద్దీ బోల్టు వదులై, మళ్ళీ బిగిస్తే చెవి పగులుతుంది. కొత్త సీటుతో స్లీవులు రాకపోతే పాతదానివి తీసి వేయండి. ఎం 6 బోల్టుకి, అంటే 6 మి.మీ. లావుదానికి, 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. టార్క్ రెంచి లేనివాళ్ళకి లెక్క ఇది: 10 సెం.మీ. పొడవున్న పానా చివర 10 కిలోల బరువు వేలాడేంత బలం. ఎం 8కి దాదాపు 20 నుంచి 22. షాపువాడిచ్చిన బోల్టు పాతదాని కంటే పొడుగ్గా ఉంటే వాడకండి. కొన్ని బండ్లకి ఆ బోల్టు కింద మడ్‌గార్డు, దాని కింద టైరు ఉంటాయి. ఇద్దరెక్కి స్పీడ్ బ్రేకరు దాటితే టైరు అక్కడిదాకా వస్తుంది. వదులవకుండా నైలాన్ లాక్ నట్టు గానీ స్ప్రింగు వాషరు గానీ వేయండి. బోల్టు వదులవకుండా మరలకి రాసే లాక్‌టైట్ లాంటి ద్రవం ప్యానెళ్ళకి వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ మీద కారితే పగుళ్ళు తెస్తుంది కాబట్టి ప్యానెళ్ళ దగ్గర దానికి దూరంగా ఉండటమే నయం.

సీటు ముందుకి వాలి ట్యాంకు మీదికి జారుస్తోందన్న ఫిర్యాదు ఆఫ్టర్‌మార్కెట్ సీట్ల విషయంలో తరచూ వినపడేదే. వెనక బుష్షులు ఎత్తుగా ఉండటం ఒక కారణం. నాలుకకీ వెనక బుష్షులకీ మధ్య 500 మి.మీ. ఉందనుకుంటే, 5 మి.మీ. ఎత్తు తేడాకి వాలు మారేది అర డిగ్రీ పైచిలుకే. అది చిన్నదే, జారుడు రెక్సిన్ తోడైతే మాత్రం తెలుస్తుంది. అంతకంటే ఎక్కువ జారుతుంటే తప్పు ఫోము కోతలో ఉంది, బుష్షులు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇప్పుడు ఫోము. షాపులో మెత్తగా దిగిపోయే సీటు ఐదు నిమిషాలు సింహాసనంలా ఉంటుంది. హైదరాబాదు నుంచి బయల్దేరి సూర్యాపేట చేరేసరికి కూర్చునే రెండు ఎముకలూ ఫోముని దాటి ప్లేటుని తాకుతుంటాయి. పిడికిలి పెట్టి ఒంటి బరువంతా దానిమీద వేసి చూడండి. కింద ప్లేటు తగిలితే ఆ సీటు వద్దు. ఫోము షాపుల్లో 32, 40, 50 డెన్సిటీ అని చెప్తారు. అది ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. డెన్సిటీ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. గట్టిదనం వేరే లెక్క, డెన్సిటీ చెప్పేది ఎన్నాళ్ళకి అణిగిపోతుందో. మాట మీద నమ్మకం లేకపోతే తూకం వేయండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 5 సెం.మీ. మందం ఉన్న 40 డెన్సిటీ షీటు 2 కిలోలు తూగాలి. కిలోన్నర తూగితే అది 30.

కుట్టించుకునేవాళ్ళకి పనికొచ్చే పొరలు ఇవి. అడుగున 25 మి.మీ. రీబాండెడ్ ఫోము, అంటే రంగురంగుల తునకలని అదిమి చేసిన గట్టి దిమ్మ. దానిపైన 35 నుంచి 40 మి.మీ. 40 డెన్సిటీ ఫోము. అన్నిటికంటే పైన 8 లేదా 10 మి.మీ. మెత్తటి పొర. బరువు 80 కిలోలు దాటినవాళ్ళు మధ్య పొరని 50 డెన్సిటీకి మార్చుకోవాలి. అతికించడానికి రబ్బరు జిగురు వాడాలి, రెండు ముక్కలకీ రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి కలపాలి. తెల్లటి చెక్క జిగురు ఎండితే గట్టి పలకలా తయారై సరిగ్గా తొడ కింద తగులుతుంది. జెల్ ప్యాడ్ పెట్టించుకుంటే దాని మీద కనీసం 10 మి.మీ. ఫోము పొర ఉండాలి. రెంటచింతల, రామగుండం ఎండలో గంటసేపు నిలిపిన బండి మీద జెల్ వేడిని పట్టి ఉంచుకుంటుంది, రెక్సిన్ చల్లబడినా అది చల్లబడదు.

ఎత్తు సంగతి మర్చిపోకండి. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మి.మీ., హిమాలయన్ 411ది 800, కొత్త క్లాసిక్ 350ది 805. పైన చెప్పిన పొరలన్నీ కలిపితే పాత సీటు కంటే 20 మి.మీ. పెరగడం కష్టమేమీ కాదు, అప్పుడు ట్రాఫిక్‌లో మునివేళ్ళ మీద నిలబడాల్సిందే. పొట్టివాళ్ళు ఎత్తు తగ్గించమని అడుగుతారు, కుట్టేవాళ్ళు మధ్యలో ఫోము తవ్వేస్తారు, గంటలో ప్లేటు తగులుతుంది. ఎత్తు అలాగే ఉంచి, ట్యాంకు దగ్గర సీటు భుజాలని రెండుపక్కలా చెరో 15 మి.మీ. చెక్కించడం మేలు. తొడలు దగ్గరై కాలు నిటారుగా దిగుతుంది.

రెక్సిన్ కుట్టు కూర్చునే చోటు మీదుగా వెళ్ళకూడదు. డైమండ్ కుట్టు చూడ్డానికి బాగుంటుంది, కానీ ప్రతి సూది రంధ్రం ఒక చిల్లే. ఒక్క జల్లు పడితే ఫోము నీళ్ళు తాగి, మర్నాడు ఎండలో కూర్చున్నా ప్యాంటు తడుస్తుంది. ఆ డిజైనే కావాలంటే రెక్సిన్‌కీ ఫోముకీ మధ్య పలచటి పాలిథిన్ షీటు వేయించండి. బేస్ ప్లేటుకి కిందనున్న చిన్న రంధ్రాలు మాత్రం మూయకండి, నీళ్ళూ గాలీ పోయేది అక్కణ్ణుంచే. అవి మూస్తే కూర్చున్నప్పుడల్లా కవరు బుడగలా ఉబ్బుతుంది. కవరు మీరే ఎక్కించుకునేట్టయితే ముందు అరగంట ఎండలో పెట్టండి, సాగుతుంది. సీటు ముందువైపు మధ్యలో రెండు పిన్నులు, తర్వాత వెనకవైపు మధ్యలో రెండు, ఆ తర్వాత కుడి ఒకటి ఎడమ ఒకటి చొప్పున మార్చి మార్చి కొట్టుకుంటూ రండి. ఒకవైపంతా కొట్టి రెండోవైపుకి వస్తే మధ్య గీత పక్కకి పోతుంది. పిన్నుకీ పిన్నుకీ 15 మి.మీ. దూరం ఉంచండి. చేతి స్టేపులర్‌కి గట్టి ప్లాస్టిక్ లొంగదు, గాలి గన్ ఉన్న షాపుకే వెళ్ళాలి.

స్ప్రింగుల సింగిల్ సీటు వేసేవాళ్ళు స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు సీటు అంచు మడ్‌గార్డుకి తగలకుండా 15 మి.మీ. మిగిలేలా చూసుకోవాలి. ముందు కీలు దగ్గర రెండు నెలలకోసారి గ్రీజు పెట్టాలి.

చట్టం వైపు నుంచి ఒక్క మాట. వెనక కూర్చునేవాళ్ళు బండికి గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెప్తుంది. పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు, వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం. కొత్త సీటు వెడల్పుగా ఉందని గ్రాబ్ రెయిలు (వెనకవాళ్ళు పట్టుకునే పిడి) తీసేయడం, వెనక చక్రం పక్కనుండే చీర గార్డు కోసేయడం రెండూ తప్పే. వెనక సీటు పూర్తిగా తీసేసి, ఎవరినైనా మడ్‌గార్డు క్యారియరు మీద దిండు వేసి కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

బిగించాక 100 కి.మీ. తిరిగి మళ్ళీ ఒకసారి సీటు తీయండి. బోల్టులు సర్దుకుని కొంచెం వదులై ఉంటాయి, బిగించండి. ప్లేటు అడుగున కొత్తగా మెరిసే గీతలేమైనా పడ్డాయా చూడండి. గీత ఉన్న చోట ఏదో ఆనుతోందన్నమాట, పిండి పరీక్షలో తప్పించుకున్నది అక్కడ దొరుకుతుంది. ఫోము కూడా మొదటి వారంలో 3, 4 మి.మీ. దిగుతుంది, అది మామూలే. పాత సీటుని పారేయకండి, బండి అమ్మేటప్పుడు అడుగుతారు. అటక మీద పెట్టేటప్పుడు బోర్లా కాకుండా నిలువుగా, పైన బరువు లేకుండా పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి కడితే లోపలి తేమకి బూజు పడుతుంది, పాత దుప్పటి చుట్టితే చాలు. బుష్షులు కొత్తవి కొన్నారు కాబట్టి పాతవి దానికే ఉండనివ్వండి.